దుకాణం మార్చినా ధర ఎందుకు తగ్గదు?

ప్రశ్న: గుంటూరు పట్నంబజారులో మాకు కారం, పచ్చళ్ళ దుకాణం ఉంది. కొత్తగా వచ్చిన తోకల్లో (డాట్ కామ్ లాగా పేరు చివర వచ్చే ముక్కల్లో) ఒకదానితో మూడేళ్ళ క్రితం డొమైన్ పేరు తీసుకున్నాం. మొదటి ఏడాదికి వంద రూపాయల లోపే తీసుకున్నవారు ఇప్పుడు రెన్యువల్‌కు మూడు వేలు దాటి అడుగుతున్నారు. వేరే కంపెనీని అడిగినా దాదాపు అంతే చెప్పారు. డాట్ కామ్‌కు ధర హద్దు ఉందంటారు, మా పేరుకు ఎందుకు లేదండీ?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు మార్చుకోగలిగింది రిజిస్ట్రార్‌ను, అంటే పేరు అమ్మిన చిల్లర వర్తకుణ్ణి మాత్రమే. ఆ తోకతో ముగిసే పేర్లన్నిటి పట్టీని నడిపే రిజిస్ట్రీ ప్రపంచం మొత్తానికీ ఒక్కటే ఉంటుంది. మీ మిర్చియార్డులో ఒక కమీషన్ కొట్టు నచ్చకపోతే పక్క కొట్టుకు పోవచ్చు గాని, యార్డు సెస్సు ఏ కొట్టులోనైనా ఒకటే కదా.

ఇక హద్దుల సంగతి. డాట్ కామ్‌ను నడిపే వెరిసైన్ సంస్థ రిజిస్ట్రార్ల దగ్గర తీసుకునే టోకు ధరను అమెరికా వాణిజ్య శాఖతో, ప్రపంచమంతటా డొమైన్ పేర్ల వ్యవస్థను సమన్వయపరిచే సంస్థ ఐకాన్‌తో ఉన్న ఒప్పందాలు కట్టడి చేస్తున్నాయి. 2012 నుంచి 7.85 డాలర్ల దగ్గర ఆగిన ఆ ధర, 2018లో ఇచ్చిన సడలింపు వల్ల 2021 నుంచి ఏటా 7 శాతం చొప్పున పెరిగి, 2024 సెప్టెంబరుకు 10.26 డాలర్లయింది. స్వచ్ఛంద సంస్థలు ఎక్కువగా వాడే డాట్ ఆర్గ్‌కు ఉన్న హద్దును మాత్రం 2019లో ఐకాన్ ఎత్తివేసింది. ఆ రిజిస్ట్రీని ఒక పెట్టుబడి సంస్థకు అమ్మే ప్రయత్నాన్ని స్వచ్ఛంద సంస్థలు గట్టిగా ఎదిరించగా 2020 ఏప్రిల్ 30న ఐకాన్ తిరస్కరించింది గాని, ధర హద్దు తిరిగి రాలేదు. 2012లో దరఖాస్తులు పిలిచిన కొత్త తోకలకైతే ఆది నుంచీ హద్దే లేదు; తోకలు పెరిగితే పోటీ పెరిగి ధరలు అదుపులో ఉంటాయన్నది ఐకాన్ వాదన.

ఆ వాదన పేరు కొనకముందు వరకే నిలుస్తుంది. ఆ పేరు మీ పొట్లాల మీద, బోర్డు మీద, బిల్లు పుస్తకం మీద అచ్చయ్యాక మీకు పోటీ ఎక్కడుంది? అందుకే కొత్తగా అమ్మే ధర ఎలా ఉన్నా, రెన్యువల్ ధరకు మాత్రం అన్ని రిజిస్ట్రీలకూ ఒకే తీరు కట్టడి ఉండి తీరాలని నా గట్టి అభిప్రాయం.

ప్రస్తుతానికి మీకున్న ఆసరా ఒకటుంది. కొత్త తోకల రిజిస్ట్రీలు రెన్యువల్ ధర పెంచదలిస్తే 180 రోజుల ముందే రిజిస్ట్రార్లకు తెలపాలి. పెంపు అమలయ్యేలోపు పాత ధరకే పదేళ్ళ వరకు పొడిగించుకునే వీలు ఇవ్వాలి. ముందు ముందు పెంపు ఏదైనా ఉందా అని మీ రిజిస్ట్రార్‌ను రాతపూర్వకంగా అడగండి. మన దేశపు డాట్ ఇన్‌కు మారదలిస్తే, అచ్చయిన పొట్లాలన్నీ చెల్లిపోయేదాకా పాత పేరును వదలకండి. గడువు తీరి విడుదలైన పేరును ఎవరైనా తీసుకోవచ్చు. పొట్లం మీద చిరునామా చూసి వచ్చే మీ కొనుగోలుదారు నేరుగా వాళ్ళ గుమ్మంలో దిగుతాడు.