తెలుపు చూసి కొను

చి. సాకేత్‌కి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలన్నీ పెద్దవి చేసి చూశాను. తెలుపూ, ముదురు రంగూ కలిపి చేసిన పాత అమెరికన్ రెండు రంగుల బూట్ల మీద నీకు మనసు పోయినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. వీటి గురించి మాట్లాడుకోవడానికి మన ఇంట్లో ఇన్నాళ్లకి ఒక మనిషి దొరికాడు. అందుకే ఫోన్లో నాలుగు ముక్కలు చెప్పి వదిలెయ్యకుండా కూర్చుని రాస్తున్నాను.

నువ్వు ప్రతి జతలోనూ ముందు బ్రాండు పేరు వెతుకుతున్నావు. ఫ్లోర్‌షైమ్ అని కనిపిస్తే చాలు, ధర ఎంతని కూడా ఆలోచించట్లేదు. మిగతా బూట్ల సంగతి ఎలా ఉన్నా, ఈ రకంలో ముందు తెలుపు చూడాలి, పేరు తరవాత. గోధుమరంగు తోలు ఎంత గీసుకుపోయినా క్రీము రాసి, ఓపిగ్గా బ్రష్ చేస్తే చాలావరకు తేరుకుంటుంది. తెల్లభాగం పాడైందంటే ఆ జత మీద డబ్బు పెట్టకు.

1920లు, 30ల నాటి మంచి జతల్లో ఆ తెలుపు ఎక్కువగా బక్‌స్కిన్ అనే నూగు తోలు. పైన సన్నటి నూగు ఉంటుంది, వేలితో ఇటు రాస్తే ఒక ఛాయ, అటు రాస్తే ఇంకో ఛాయ. ఇది త్వరగా మాస్తుంది. అమ్మేవాళ్లు కొందరు దాన్ని శుభ్రం చేసే ఓపిక లేక తెల్ల పెయింటు కొట్టేస్తారు. ఫొటోలో మెరిసిపోతుంది, అక్కడే మనం మోసపోతాం. ముదురు తోలు తెలుపు మీదికి వచ్చి కలిసేచోట రంపపు పళ్లలా కత్తిరించిన అంచు ఉంటుంది కదా, అక్కడ దగ్గరగా తీసిన ఫొటో అడుగు. పళ్ల మధ్య సందులు పూడిపోయినా, కుట్టు దారం విడిగా కనపడకుండా తోలుతో కలిసిపోయినా అది పెయింటే. వేళ్ల దగ్గర మడత పడేచోట అది పెచ్చులుగా లేస్తుంది, కింద ఉన్న నూగుని కూడా పట్టుకుపోతుంది. తోలు మీద అలంకారానికి కొట్టిన చిల్లుల్లో తెల్లపొడి గడ్డకట్టి ఉంటే మాత్రం భయపడకు. అది ఒకప్పుడు రాసుకున్న తెల్ల పాలిష్ తాలూకు పొడి. పాత టూత్‌బ్రష్‌తో పొడిగా తోమితే రాలిపోతుంది. ఈ రెంటికీ తేడా కనిపెట్టడం వస్తే సగం విద్య వచ్చినట్టే.

ఇంకొకటి. నువ్వు పంపిన వాటిలో ఒకదానికి '1944లో చేసినది' అని రాశారు. నమ్మకు. యుద్ధకాలంలో, 1943 ఫిబ్రవరిలో అమెరికాలో బూట్లకి రేషను పెట్టారు. తోలు ఆదా చెయ్యడానికి రంగుల సంఖ్య కుదించారు, రెండు రంగుల బూట్ల తయారీనే ఆపించారు. 1945 చివర్లో గానీ రేషను ఎత్తెయ్యలేదు. కాబట్టి అది అంతకుముందుదైనా కావాలి, యుద్ధం అయ్యాక చేసిందైనా కావాలి. అమ్మేవాడు కావాలని అబద్ధం ఆడాడని కాదు, తాతగారి వస్తువులు అమ్మేవాళ్లు చాలామంది ఊహించి రాసేస్తారు. సంవత్సరం చూసి ఎక్కువ డబ్బు ఇవ్వకు, అంతే.

కంపెనీల గురించి అడిగావు. మా షికాగోలో 1892లో మొదలైన ఫ్లోర్‌షైమ్, మసాచుసెట్స్ బ్రాక్టన్‌లో 1875లో మొదలైన స్టేసీ ఆడమ్స్, విస్కాన్సిన్ వాళ్లు నన్ బుష్, అలెన్ ఎడ్మండ్స్, సిరక్యూస్ నెటిల్టన్. పాతకాలం సరుకు ఏదైనా బాగుంటుంది. అదే పేరుతో ఇప్పుడు వస్తున్న జతలు చూసి పాతవాటిని అంచనా వెయ్యకు. నాకు నెటిల్టన్ అంటే కొంచెం ఎక్కువ ఇష్టం, కుట్టు అంత సన్నంగా ఉంటుంది. ఇంగ్లండ్ సరుకు కావాలంటే అక్కడివాళ్లు వీటిని 'కో-రెస్పాండెంట్' అంటారు, ఆ పేరుతో వెతుకు. లండన్ జాన్ లాబ్ వాళ్లు 1868లో క్రికెట్ ఆటగాళ్ల కోసం ఈ రకం మొదట చేసింది మేమేనని చెప్పుకుంటారు. నీకు క్రికెట్ పిచ్చి కాబట్టి చెప్తున్నాను.

సైజు దగ్గర జాగ్రత్త. ఇండియాలో నువ్వు బాటాలో 8 వేసుకునేవాడివి, అది ఇంగ్లిష్ కొలత. ఇక్కడ నీకు సుమారు 9 కావాలి. అంకె కన్నా దాని పక్కనున్న అక్షరం ముఖ్యం. మగవాళ్లకి డి మామూలు వెడల్పు. పాత జతల్లో ఏ, బి, సి బోలెడు దొరుకుతాయి, అన్నీ సన్నటి పాదాలకి. మన పాదాలు ముందువైపు వెడల్పు, చిన్నప్పుడంతా చెప్పులతో తిరిగినవాళ్లం. బి జత ఎంత అందంగా ఉన్నా నువ్వు వేసుకోలేవు. 'ఊరికే దాచుకుంటాను' అంటావేమో. దాచుకో, కాదనను. కానీ వేసుకుని నడిచే జతలతోనే నీకు తోలు సంగతి తెలుస్తుంది.

షికాగో వచ్చినప్పుడు నిన్ను సెయింట్ చార్ల్స్‌లో కేన్ కౌంటీ పాతవస్తువుల సంతకి తీసుకెళ్తాను. చేత్తో పట్టుకుని చూస్తే ఫొటోలో తెలియనివి చాలా తెలుస్తాయి. అరికాలు లావుగా ఆనేచోట సోలుని బొటనవేలితో నొక్కు. మెత్తగా లోపలికి వెళితే సోలు మార్చాలి. వెల్ట్ (పైతోలునీ సోలునీ కలిపే తోలు పట్టీ) వేసి కుట్టిన బూటైతే దిగుల్లేదు, మంచి రిపేరు షాపులో కొత్త సోలు వేస్తారు. అలెన్ ఎడ్మండ్స్ వాళ్లయితే తమ బూట్లని తామే బాగుచేసి ఇస్తారు. పైతోలు ఎండి అడ్డంగా చీలితే మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు. అందుకే పాత జత చేతికి రాగానే వంచి చూడకు. ముదురు భాగానికి తోలు మెత్తబరిచే కండిషనర్ పట్టించి, ఒకటి రెండు రోజులు ఆగి, అప్పుడు కాలు పెట్టు.

పాలిష్ చేసేటప్పుడు రంగు క్రీము వద్దు, రంగులేనిది వాడు. గుడ్డని చూపుడువేలికి బిగించి చుట్టి, రెండు రంగులు కలిసేచోట ఒక విజిటింగ్ కార్డు అడ్డం పెట్టి రాయి. టేపు అతికించకు, తీసేటప్పుడు నూగు ఊడొస్తుంది. తెలుపుకి క్రీము ముట్టించనే వద్దు. మెత్తటి రబ్బరుతో మరక చెరిపి, బ్రష్‌తో నూగు లేపితే చాలు.

ఇక గరాజ్ సంగతి. మీ అమ్మ బూట్లు ఇంట్లోకి రానివ్వదని అన్నీ గరాజ్‌లో పెట్టానన్నావు. డాలస్ ఎండకి ఆ గరాజ్‌లో తోలు ఒక్క వేసవి కూడా ఆగదు. ఎండకి పెళుసెక్కుతుంది, చెమ్మకి బూజు పడుతుంది. ప్లాస్టిక్ కవర్లలో చుట్టి పెట్టావట, అవి ఇవాళే తీసెయ్. లోపల దేవదారు చెక్క షూ ట్రీలు (బూటు ఆకారం చెడకుండా పెట్టే అచ్చులు) పెట్టి, ఒక్కో బూటుకి ఒక్కో గుడ్డసంచి వేసి, ఏసీ ఉన్న గదిలో తలుపులున్న అల్మరాలో పెట్టాలి. మీ అమ్మకి అసలు ఇబ్బంది బూట్ల మట్టి కాదు, ఎవరో పోయినవాళ్లవి ఇంట్లోకి తేవడం. ఆవిడ మాటనీ తీసిపారెయ్యకు. దేవుడి గదికి దూరంగా, మేడమీద నీ ఆఫీసు గదిలో చోటు చూడు. అల్మరా నువ్వు కొను, అక్కయ్యతో నేను మాట్లాడతాను.

మామయ్య