చిక్కు కాదు, పెనవేత

సందేహం: దూరప్రాంతాల మధ్య క్వాంటం నెట్‌వర్కుల గురించి వచ్చే వ్యాసాల్లో ‘ఎంటాంగిల్‌మెంట్’ను చిక్కు అనీ, ‘రిపీటర్’ను పునరావర్తకం అనీ రాస్తున్నారు. సరైనవేనా?

సమాధానం: మొదటిది సరికాదు. చిక్కు అంటే విప్పుకోవలసింది. ఇక్కడేమో రెండు ఫోటాన్ల (కాంతి కణాల) బంధాన్ని ఎంతో శ్రమపడి కలిగించి, చెడకుండా కాపాడుకుంటున్నారు. నిఘంటువులో కంటబడిన మొదటి అర్థాన్ని తెచ్చి అతికించే తొందర మానుకోవాలి. చిక్కుకు దొరకడం, బక్కపడడం, గట్టిపడడం అనే అర్థాలూ ఉన్నాయి. అవీ ఇక్కడ పనికిరావు.

1935లో భౌతిక శాస్త్రవేత్త ష్రోడింగర్ జర్మన్‌లో వాడిన మాట ‘ఫెర్‌ష్రెంకుంగ్’. చేతులు ఒకదానిమీదుగా ఒకటి పోనిచ్చి కట్టుకోవడానికి వాడే క్రియ నుంచి పుట్టింది. చిక్కుబడ్డ నూలు గుర్తుకు రావడం ఇంగ్లీషు మాట వల్లనే.

మనకు ‘పెన’ ఉంది! పెన అంటే మెలి, పురి. పెనచు, పెనగొను, పెనవేయు అన్నీ ఆ ఇంటివే. తమిళంలో పిణై, కన్నడంలో హెణె దీని తోబుట్టువులు. పెనుగులాట కూడా ఇక్కడిదే: మల్లులిద్దరి ఒళ్లు మెలిపడిపోతే ఎవరి పట్టు ఎక్కడ మొదలైందో తెలియదు. ఆ మెలికే పోరాటమన్న అర్థానికి దారితీసింది. (పెనుతుఫానులోని ‘పెను’ వేరు, అది పెద్ద అని చెప్పేది.) రెండు పోగులు పురి పడ్డాక తాడు గుణం ఏ ఒక్క పోగులోనూ ఉండదు. ఈ ఫోటాన్ల సంగతీ అంతే. జంటగా చూస్తేనే వాటి స్థితి పూర్తిగా తెలుస్తుంది. కాబట్టి పెనవేత అనండి, పెనవేసుకున్న కణాలు అనండి.

ఇక రిపీటర్. పెనవేతను దూరాలకు చేర్చడానికి దారి మధ్యలో పెట్టే పరికరం ఇది. మంచి ఫైబర్‌లో (కాంతిని మోసే గాజు తీగలో) 50 కిలోమీటర్లకు ఫోటాన్లలో పదో వంతే మిగులుతుంది. 500 కిలోమీటర్లకు వెయ్యి కోట్లలో ఒకటి. మామూలు సంకేతమైతే దారిలో బలం పెంచి పంపుతారు. ఇక్కడ అది కుదరదు. బలం పెంచాలంటే నకలు తీయాలి, తెలియని క్వాంటం స్థితికి నకలు తీయడం అసాధ్యమని 1982లోనే రుజువైంది. అందుకే దారిని ముక్కలు చేసి, ముక్కముక్కకూ ఒక జంటను పెనవేస్తారు. మధ్య స్టేషన్లో పక్కపక్క జంటల నుంచి ఒక్కో ఫోటాన్‌ను తీసుకుని కలిపి కొలిస్తే, ఎన్నడూ కలవని చివరి రెండూ పెనవేసుకుంటాయి. ఇందులో తిరిగి చెప్పేదేముంది? తంతి తీగల కాలం నాటి పేరు 1998లో దీనికీ అంటుకుంది. పునరావర్తకం అంటే ఆ పొరపాటును సంస్కృతంలో మళ్లీ చేయడమే.

‘పెనకూర్పరి’ అని ఒక మాట తోస్తోంది. పనిచేసేవాళ్ల నోట నలిగితేగానీ ఖాయం చేయలేను. అంతవరకు రిపీటర్ అనే రాయండి.