అది కిట్టివేక్ పిల్ల కాదేమో, సబైన్ గల్ అయ్యుండొచ్చు

అక్టోబర్ మధ్యాహ్నం గాలివాన వెలిశాక ఒడ్డున నల్లతల గల్స్ (ఒక రకం సముద్రపు పక్షులు) గుంపులో చిన్న గల్ ఒకటి కనిపించింది, కిట్టివేక్ అనే గల్ జాతి పిల్లా ఇంకేదైనా అరుదైనదా తేలట్లేదు, ఫోటోలు మసగ్గా వచ్చాయి అన్నారు కదా. మసకైనా పర్లేదండి, ఎగిరేటప్పుడు రెక్క పైభాగం కనిపిస్తే చాలు.

కిట్టివేక్ పిల్ల రెక్కలు చాపితే పైన నల్లగా డబ్ల్యూ అక్షరంలా గీత ఉంటుంది, మెడ వెనక నల్ల పట్టీ కూడా. సబైన్‌కి గీత ఉండదు, మూడు ముక్కలు అతికినట్టుంటుంది, రెక్క చివర నలుపు, వెనక అంచున తెల్లటి త్రికోణం, ముందుభాగం పెద్ద పక్షికి బూడిదరంగు, పిల్లకి మట్టిరంగు. మీరు తల వెనక నుంచి వీపు దాకా అంతా మట్టిరంగే అని రాశారు చూడండి, నాకు అక్కడే అనుమానం బలపడింది, కిట్టివేక్ పిల్లకి ఆ రంగు ఉండదు.

తోకని మాత్రం నమ్మకండి, రెండిటికీ కాస్త చీలిక, పిల్లలకి చివర నల్ల అంచు ఉంటాయి. దూరం నుంచైతే కిట్టివేక్ డబ్ల్యూ కూడా మాసిపోయి మూడు ముక్కల్లా కనిపిస్తుంది, నేనూ ఒకసారి అలాగే గంతులేసి తర్వాత నాలిక్కరుచుకున్నా.

టైమింగ్ కూడా కుదిరింది, సబైన్ గల్స్ ఆర్కిటిక్‌లో పిల్లల్ని పెట్టి చలికాలానికి పెరూ వైపు, నైరుతి ఆఫ్రికా వైపు సముద్రం మీదే వెళ్తాయి, గట్టి గాలి తోస్తేనే ఒడ్డుకొస్తాయి.

ఫోటోల్లో బ్రైట్‌నెస్ బాగా తగ్గించి చూడండి, తెలుపు ఎక్కడ ఆగిందో తేలుతుంది. రెక్క చాపిన ఫ్రేమ్ ఉంటే క్రాప్ చెయ్యకుండా పెట్టండి, పక్కన నల్లతల గల్ ఉంటే సైజు కూడా పోల్చొచ్చు.