క్రోషె అల్లికలు అమ్ముకుంటానంటున్న అమ్మాయి: ఎంబీఏ మాన్పించవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీకాం ఆఖరి సంవత్సరం చదువుతోంది. రెండేళ్లుగా యూట్యూబ్ చూసి క్రోషె (కొక్కెం సూదితో చేసే అల్లిక) నేర్చుకుని చిన్న బొమ్మలు, కీచైన్లు, పూలగుత్తులు అల్లుతోంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే మూడు నెలల్లో 54 అమ్ముడుపోయాయి, 21,600 రూపాయలు వచ్చాయి. ఎంబీఏ వద్దు, ఇదే వ్యాపారంగా చేసుకుంటానంటోంది. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా అమ్మ కూడా ఒకప్పుడు ఏజెంటుకు లేసు అల్లి ఇచ్చేది. ఖాళీ సమయంలో చేసుకునే పని, అమ్మాయి ఇంటి పట్టున ఉంటుంది, పెళ్లయ్యాక కూడా మానక్కర్లేదు కదా అని నాకూ అనిపిస్తోంది. మావారు మాత్రం ఎంబీఏ చేయాల్సిందేనంటున్నారు. రెండింటిలో ఏది మేలో చెప్పండి.

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. మీ అమ్మాయి చదువు తప్పించుకోవడానికి సాకు వెతుకుతున్న పిల్ల కాదు. ముక్కూ మొహం తెలియనివాళ్ల చేత డబ్బు పెట్టించి తన వస్తువులు 54 కొనిపించిందంటే, చాలామంది బీకాం విద్యార్థులు పుస్తకంలో చదివి వదిలేసే పనిని తను చేసి చూపించినట్టే. కాబట్టి పిల్ల దారి తప్పుతోందేమోనన్న భయం మీకూ, మీవారికీ అక్కర్లేదు. నన్ను కలవరపెట్టింది మీ అమ్మాయి నిర్ణయం కాదు, మీ ఉత్తరంలోని 'ఖాళీ సమయంలో చేసుకునే పని' అన్న మాట.

మీరు రాసిన లెక్కనే తీసుకుందాం. 54 వస్తువులకు 21,600 అంటే ఒక్కోటి సగటున 400 రూపాయలు. ఊలు, లోపల కూరే దూది, కళ్లు, తీగలు కలిపి ఒక్కోదానికి 90 రూపాయలు, డబ్బాకూ కొరియర్‌కూ కలిపి 70 రూపాయలు తీసేయండి. చేతిలో మిగిలేది 240. అరచేతంత బొమ్మ అల్లి, కుట్టి, ముగించడానికి చేయి తిరిగినవాళ్లకు కూడా నాలుగైదు గంటలు పడుతుందని ఈ పని చేసే అమ్మాయిలు నాతో చెబుతుంటారు. ఫొటో తీయడం, "ఇంకో రంగులో ఉందా" అని అడిగేవాళ్లకు జవాబులివ్వడం, కొరియర్ ఆఫీసుకు వెళ్లిరావడం ఇంకో గంట. మొత్తం ఆరు గంటలకు 240 రూపాయలు, అంటే గంటకు 40. రోజుకు ఎనిమిది గంటలు వంచిన మెడ ఎత్తకుండా చేస్తే 320. 2024-25లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉపాధి హామీ పనికి నిర్ణయించిన రోజు కూలి 300 రూపాయలు. మీ అమ్మాయి సంపాదన అంతకంటే కేవలం 20 రూపాయలు ఎక్కువ. పైగా ఆర్డర్ లేని రోజు ఆ 320 కూడా ఉండదు.

ఈ లెక్క మీకు ఇంతవరకు తట్టకపోవడం మీ తప్పు కాదు, మీ ప్రాంతానికి బాగా పాత అలవాటు అది. నరసాపురం, పాలకొల్లు పరిసరాల్లో 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన క్రోషె లేసు అల్లిక ఆ తరువాత విదేశాలకు ఎగుమతయ్యే సరుకైంది. ఏజెంటు దారం తెచ్చి ఇంట్లో ఇచ్చేవాడు; ఒకరు పువ్వులు అల్లితే, ఇంకొకరు వాటిని కలిపే అతుకుపని చేసేవారు; తయారైన బల్లగుడ్డ ఎక్కడికి వెళ్లేదో, ఎంతకు అమ్ముడుపోయేదో అల్లినవాళ్లకు తెలిసేది కాదు. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివరలో అక్కడికి వచ్చి ఈ స్త్రీల పనిని అధ్యయనం చేసి 1982లో ప్రచురించారు. రోజుకు ఎన్నో గంటలు అల్లుతున్నా వాళ్లను పనివాళ్లుగా కాక, తీరిక వేళల్లో ఏదో చేసుకునే గృహిణులుగా లెక్కకట్టడమే అంత తక్కువ కూలికి కారణమని ఆవిడ చూపించారు. ఇప్పుడు మీ ఉత్తరం మరొకసారి చదువుకోండి. మీ అమ్మగారి పనిని ఏజెంటు ఏ మాటతో చౌక చేశాడో, అదే మాటతో మీ అమ్మాయి పనిని మీరు చౌక చేస్తున్నారు.

కాస్త కటువుగానే చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. 'ఇంటి పట్టున ఉంటుంది' అన్నది ఒక వృత్తిని ఎంచుకోవడానికి కారణం కాదు. మీకున్న అసలు భయం అమ్మాయి బయటికి వెళ్లి ఉద్యోగం చేయడం గురించి అయితే, దానికి మందు క్రోషె కాదు. ఈ వ్యాపారం నిజంగా నిలబడాలంటే మీ అమ్మాయి బేగంబజార్ వెళ్లి టోకు ధరకు దారం బేరమాడాలి, ప్రదర్శనల్లో స్టాలు పెట్టి పగలంతా నిలబడాలి, డబ్బు ఎగ్గొట్టినవాడిని గట్టిగా అడగాలి. గడప దాటకుండా నడిచే లేసు పనిలో లాభం గడప అవతల ఉన్నవాడికే వెళ్లిందని మీ ఊరి వీధిలోనే ఎవరినడిగినా చెబుతారు. అలాగే, పెళ్లయ్యాక కూడా మానక్కర్లేదని మీరు అనుకుంటున్న ఇదే పనిని, గంటకు 40 రూపాయలే తెచ్చినంతకాలం, అత్తవారింట్లో మొట్టమొదట పక్కన పెట్టమంటారు.

ఇక మీ అమ్మాయికి కనబడుతున్న మెరుపు గురించి కూడా నాకు అనుమానాలున్నాయి. నెలకు లక్ష సంపాదిస్తున్నామని వీడియోల్లో చెప్పేవారిని కాస్త పరిశీలనగా చూస్తే, వారిలో చాలామంది అమ్ముతున్నది అల్లికలను కాదు. నేర్పే కోర్సులను, సూదుల సెట్లను, ఊలు ఉండలను. అందులో తప్పేమీ లేదు, కానీ అది వేరే వ్యాపారం. అల్లిక పూలగుత్తి ఈరోజు కొత్తగా ఉంది కాబట్టి కొంటున్నారు. అదే నమూనా ఉచితంగా అందరికీ దొరుకుతుంది గనుక పదిమంది అల్లి, ఒకరికంటే ఒకరు 50 రూపాయలు తగ్గించి అమ్మడం మొదలుపెడతారు. ఒక్క కొక్కెం సూదితో అల్లే అసలైన క్రోషెను యంత్రం అల్లలేదని, కాబట్టి దీనికి ఎప్పటికీ ఢోకా లేదని గొప్పగా చెబుతుంటారు. ఆ మొదటి సగం నిజమే. యంత్రాలు దాన్ని పోలిన బట్టను నేయగలవే తప్ప, దాన్ని కాదు. కానీ యంత్రం రాని పనిలో రాబడిని పెంచడానికి రెండే మార్గాలున్నాయి: గంట విలువ పెంచడం, లేదా ఇంకొకరి గంటలు కొనడం. గంటలను మాత్రం సాగదీయలేం. చేతి మణికట్టు, మెడ, కళ్లు వాటి బాధను అవే చెబుతాయి. మీ అమ్మగారిని అడగండి.

గంట విలువ పెరిగేది వస్తువు మారినప్పుడు. అందరూ అల్లే పొద్దుతిరుగుడు పువ్వు కాకుండా బారసాలకు పసిపిల్లల బట్టల జత, పెళ్లి ముహూర్తానికి పేర్లు అల్లిన తోరణం, కొలత తీసుకుని అల్లే జాకెట్టు చేతులు వంటివాటికి ధర చెప్పేది అల్లినవారే, బేరం తక్కువ. సొంతంగా గీసిన నమూనాను రాసి అమ్మితే ఒకసారి పడిన శ్రమకు పదేపదే డబ్బు వస్తుంది. ఇంకొకరి నమూనా చూసి అల్లేటప్పుడు, అల్లిన వస్తువును అమ్ముకోవడానికి ఆ రూపకర్త అనుమతి ఇచ్చారో లేదో చూడాలి. ప్రసిద్ధ కార్టూన్ పాత్రల బొమ్మలను అల్లి అమ్మడం జోలికి అసలు పోకూడదు. ఈ చివరి మాట వినగానే సగంమంది పిల్లల మొహాలు వాడిపోతాయి, ఎందుకంటే ఎక్కువ గిరాకీ ఉండేది వాటికే.

కాగితాల విషయం కొంచెమే ఉంది కానీ ఎవరూ చెప్పరు. పిల్లల ఆటబొమ్మలకు ఐఎస్ఐ గుర్తు 2021 జనవరి నుంచి తప్పనిసరి. కేంద్ర జౌళి శాఖలోని హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులకు దాని నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి బొమ్మలు అల్లే అమ్మాయి అన్నిటికంటే ముందు ఆ కార్యాలయం ఇచ్చే 'పెహచాన్' గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేసుకోవడం మంచిది. ప్రభుత్వ ప్రదర్శనల్లో చోటు అడగడానికీ అదే పనికొస్తుంది. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ నమోదు ఉచితం, దానికోసం డబ్బడిగే మధ్యవర్తులను నమ్మకండి. చేతివృత్తులవారికి కేంద్రం పెట్టిన విశ్వకర్మ పథకం సంగతి కూడా చాలామంది అడుగుతుంటారు. అందులోని 18 వృత్తుల్లో దర్జీలు, సంప్రదాయ బొమ్మల తయారీదారులు ఉన్నారు గానీ లేసు అల్లిక పేరు లేదు. నరసాపురం క్రోషె లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు దక్కే హక్కు వచ్చింది. మీది ఆ ప్రాంతమే అయినా, హైదరాబాద్‌లో అల్లిన ఊలు బొమ్మకు ఆ పేరు తగిలించి అమ్మకూడదు.

ఎంబీఏతో పోల్చి చెప్పమన్నారు. నిజానికి ఇందులో పోల్చడానికి పెద్దగా ఏమీ లేదు. మంచి కళాశాలలో సీటు వస్తే, ఆ రెండేళ్లు ధర నిర్ణయించడం, సరుకు నిల్వ, ప్రచారం వంటివి నేర్పుతాయి. అవి క్రోషెకు కూడా ఉపయోగపడతాయి. ఎక్కడో ఒకచోట చేర్పించి, లక్షలు కట్టి, చివరకు బీకాంతోనే వచ్చే ఉద్యోగంలో చేరేటట్టయితే, మీవారి పట్టుదలకు అర్థం లేదు. 'ఎంబీఏ చేయాల్సిందే' అనేవారు ఏ కళాశాలలో, ఎంత ఫీజుకు, ఆ తరువాత ఏ పనికి అన్నది కూడా చెప్పగలగాలి. బీకాం మాత్రం మధ్యలో ఆపకూడదు, దానిమీద చర్చే వద్దు. డిగ్రీ చేతికొచ్చాక ఒక సంవత్సరం ఈ పనికి ఇస్తే మునిగిపోయేదేమీ లేదు. ఇరవై ఒకటో ఏట పోయిన ఒక్క ఏడాదిని అడిగే సంస్థను నేను ఇంతవరకు చూడలేదు. పైగా, ఆ ఏడాదిలో ఏం చేశావని అడిగితే లెక్కలు చూపించగలిగే అమ్మాయి ఇంటర్వ్యూలో మిగతావాళ్లకంటే ఒక మెట్టు పైనే ఉంటుంది.

అందుకని ఇప్పటి నుంచి పరీక్షలయ్యేదాకా ఒకే ఒక్క పని చేయమనండి. ఒక నోటుపుస్తకంలో ప్రతి వస్తువుకూ సూది పట్టిన వేళ, దించిన వేళ, ఖర్చు, అమ్మిన ధర రాయాలి. మీరు ఆ వేళల్లో తనను వంటింట్లోకి పిలవకూడదు. గంటకు 40 రూపాయలను ఏడాదిలోగా 100 దాటించగలనని ఆ పుస్తకం చూసి తనకు తోస్తే, ఎలా దాటిస్తుందో తనే కాగితం మీద రాయాలి. ఒక సాయంత్రం మీ అమ్మగారి పక్కన కూర్చోబెట్టి, అప్పట్లో ఏజెంటు ఏ ముక్కకు ఎంతిచ్చేవాడో, ఒక్కో ముక్కకు ఎన్ని పూటలు పట్టేవో కూడా అదే పుస్తకం వెనకవైపు రాసుకోమనండి. పరీక్షలు అయిపోయాక ఆ పుస్తకం తీసుకుని నా దగ్గరికి రండి, వచ్చేటప్పుడు మీవారిని కూడా వెంటబెట్టుకు రండి.