జెర్మాట్‌కు బయలుదేరే ముందు

చి. సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

డిసెంబరులో నలుగురూ స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ వెళుతున్నట్టు, మంచు మీద జారే స్కీయింగ్ వచ్చినది మీ ఆయనకు ఒక్కడికే కనుక మిగతా ముగ్గురికీ అక్కడ ఏం తోస్తుందోనని దిగులు పడుతున్నట్టు రాశావు. అనేక శీతాకాలాలు అక్కడ గడిపినవాణ్ణి గనుక చెబుతున్నాను, రోజంతా కలిసే తిరగాలన్న పట్టుదల పెట్టుకోకండి. పొద్దున ఎవరి దారిన వారు వెళ్లి, మధ్యాహ్నం భోజనానికి ఊరికి పైన కొండ మీదున్న సునెగ్గాలో కలుసుకోండి. ఊరి నుంచి సొరంగంలో నడిచే ఫ్యునిక్యులర్ (తాడుతో లాగే కొండ రైలు) కొద్ది నిమిషాల్లోనే అక్కడికి చేరుస్తుంది కాబట్టి స్కీలు లేనివారికీ ఇబ్బంది ఉండదు.

నువ్వూ బాబూ నేర్చుకోవలసినదీ అక్కడే. కొత్తవారికోసం కేటాయించిన వోలీ పార్కులో కదిలే పట్టీ మీద నిలబడితే చాలు, అదే పైకి తీసుకుపోతుంది. బూట్లు అద్దెకు తీసుకునేటప్పుడు తొందరపడవద్దు. చలి అని రెండు జతల మేజోళ్లు తొడిగితే మడతలు పడి పిక్కలు ఒరుసుకుపోతాయి. పలుచటి పొడవు మేజోడు ఒక్కటే వేసుకుని, మడమను వెనక్కి గట్టిగా తన్ని, ఆ తరువాతే బకిల్స్ బిగించుకోవాలి. మొదటి రెండు రోజులు గురువు దగ్గరే నేర్చుకోండి. భర్త దగ్గర నేర్చుకుంటే సంసారంలో కలతలు తప్పవు.

మీ అత్తగారిని 1898 నుంచి నడుస్తున్న గోర్నర్‌గ్రాట్ పళ్లచక్రాల రైలు ఎక్కించు. ఎక్కేటప్పుడు కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే 4,478 మీటర్ల మాటర్‌హార్న్ శిఖరం కనిపిస్తుంది. రైలు చివరి స్టేషన్ 3,089 మీటర్ల ఎత్తున ఉంది. కేబుల్ కారులో చేరే, 3,883 మీటర్ల ఎత్తున ఉన్న గ్లేసియర్ పారడైజ్‌కు మాత్రం ఆవిడను వైద్యుణ్ణి అడిగాకే తీసుకెళ్లు. అక్కడ గాలి పలుచన, నాలుగు మెట్లెక్కినా ఆయాసం వస్తుంది.

ఇక మీ ఆయన సంగతి. గుల్మార్గ్‌లో నేర్చుకున్న ధైర్యంతో మొదటి రోజే నల్ల గుర్తు వాలులకు పోవద్దని చెప్పు. నీలం సులువు, ఎరుపు మధ్యరకం, నలుపు కఠినం. పసుపు గుర్తు దారుల్లో మంచును యంత్రాలతో చదును చేయరు. సరిహద్దు దాటి ఇటలీ వైపు చెర్వీనియాకు స్కీల మీదే దిగవచ్చు, అక్కడ భోజనం కూడా బాగుంటుంది. కానీ గాలి పెరిగితే పైనున్న లిఫ్టులు ఆపేస్తారు. నేనొకసారి పాస్తా రుచికి లొంగి ఆలస్యం చేసి, తిరుగు లిఫ్టు అందక, ఆవోస్తా లోయ, గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ సొరంగం మీదుగా స్కీ బూట్లతోనే ట్యాక్సీలో అర్ధరాత్రి ఇల్లు చేరాను. ఆ రోజు ట్యాక్సీకి ఎంతయిందో మీ పెద్దమ్మకు ఇప్పటికీ చెప్పలేదు.

జెర్మాట్‌లోకి మీ కారును రానివ్వరు. దగ్గరలోని టాష్ ఊళ్లో నిలిపి అక్కడి నుంచి రైలెక్కండి. కొండ మీద నుంచి హెలికాప్టర్‌లో దింపే ఖర్చు కూడా ప్రయాణ బీమాలో ఉందో లేదో టికెట్లు కొనకముందే చూసుకోండి.

మీ పెదనాన్న