పొద్దున్నే డీజిల్ కారు స్టార్ట్ చేశాక ఎంతసేపు ఆగాలి?

ప్రశ్న ఇదీ: కామన్ రైల్ (డీజిల్‌ను కంప్యూటర్ లెక్కతో కొట్టే ఇప్పటి రకం) డీజిల్ కారు రాత్రంతా బయటే ఉంటుంది. పొద్దున స్టార్ట్ చేశాక ఐదు నిమిషాలు ఆన్‌లో ఉంచమని ఇంట్లో పెద్దవాళ్ళంటున్నారు, అక్కర్లేదని సర్వీస్ సెంటర్‌లో అంటున్నారు. ఎవరి మాట వినాలి?

సర్వీస్ సెంటర్ వాళ్ళదే. అర నిమిషం చాలు, చలి బాగా ఉంటే ఒక నిమిషం. తర్వాత బండి కదలాలి, కానీ నెమ్మదిగా.

నిలబెట్టి ఉంచితే డీజిల్ ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు. ఐడ్లింగ్‌లో అది కాల్చే డీజిల్ చాలా తక్కువ, పీల్చే గాలి మాత్రం ఎక్కువ. పుట్టిన కాస్త వేడిలో చాలా భాగం ఆ గాలితోనే సైలెన్సర్ దారిన పోతుంది. పది నిమిషాలు ఉంచినా టెంపరేచర్ ముల్లు బద్ధకంగా కదిలేది అందుకే. ఈలోగా చల్లటి సిలిండర్లలో పూర్తిగా కాలని డీజిల్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తూ, పిస్టన్ రింగుల సందుల్లోంచి కింద ఆయిల్ నిలిచే తొట్టిలోకి, అంటే సంప్‌లోకి దిగుతుంది. కొంత పొగను మళ్ళీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్‌లో మసి పేరుకుంటుంది. నెలకు వృథా అయ్యే లీటరో రెండు లీటర్లో డీజిల్ కంటే ఇదే అసలు నష్టం.

అలాగని పెద్దవాళ్ళ మాట ఊరికే పుట్టింది కాదు. పాత జీపులు, డీజిల్ అంబాసిడర్ల రోజుల్లో మెకానికల్ పంపులు, చిక్కటి ఆయిళ్ళు ఉండేవి. చల్లటి ఇంజిన్‌తో గేరు వేస్తే మిస్సింగ్ కొట్టి ఆగిపోయేవి. ఇప్పుడు కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వేడి చూసి ఎంత డీజిల్ ఎప్పుడు కొట్టాలో ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, నిర్ణయిస్తుంది. ఆ అలవాటుకు పనిలేకుండా పోయింది, అంతే.

ఇక స్టార్ట్ చేసే తీరు. ఏసీ, బ్లోయర్, హెడ్‌లైట్లు ఆపేయండి. తాళం ఆన్ దాకా తిప్పి ఆగండి. మీటర్‌లో స్ప్రింగులా చుట్టిన తీగ లాంటి పసుపు రంగు గుర్తు వెలుగుతుంది. గ్లో ప్లగ్గులు, మన మెకానిక్‌లు హీటర్ ప్లగ్గులనేవి, వేడెక్కుతున్నాయని అర్థం. డీజిల్‌లో స్పార్క్ ఉండదు, గాలి నొక్కుడుకు పుట్టే వేడితోనే మంట అంటుకోవాలి. చల్లటి ఇనుము ఆ వేడిని మింగేస్తుంది కాబట్టి ఈ సాయం. హైదరాబాద్ చలికి ఆ లైటు ఒకటి రెండు సెకన్లలో ఆరిపోతుంది, ఒక్కోసారి వెలగనే వెలగదు. ఆదిలాబాద్‌లోనో లంబసింగిలోనో డిసెంబరు తెల్లవారుజామున ఇంకొన్ని సెకన్లు పడుతుంది. ఆరాక క్లచ్ పూర్తిగా తొక్కి, ఎక్సలేటర్ ముట్టకుండా సెల్ఫ్ కొట్టండి. పది సెకన్లలో అందుకోకపోతే ఆపి, అర నిమిషం ఆగి మళ్ళీ కొట్టాలి, లేకపోతే స్టార్టర్ మోటారు, బ్యాటరీ రెండూ దెబ్బతింటాయి. బటన్ స్టార్ట్ బండిలో క్లచ్చో బ్రేకో తొక్కి బటన్ ఒక్కసారి నొక్కితే చాలు. ఎంతసేపు ఆగాలో కంప్యూటరే చూసుకుంటుంది.

స్టార్ట్ అయ్యాక ఎర్రటి ఆయిల్ లైటు వెంటనే ఆరాలి. ఆర్‌పీఎం మొదట కొంచెం ఎక్కువగా ఉండి దిగుతుంది. అది నిలకడపడిందంటే బయల్దేరవచ్చు. వేడెక్కాలని నిలబెట్టి రేస్ ఇవ్వడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. ఇంజిన్‌లోకి గాలి నొక్కి పంపే టర్బో లక్షకు పైగా ఆర్‌పీఎంతో పలచటి ఆయిల్ పొర మీద తిరుగుతుంది, ఆ పొర ఇంకా సరిగా ఏర్పడకముందే దాన్ని పరుగెత్తించినట్టవుతుంది.

మొదటి ఐదారు కిలోమీటర్లు సుమారు 2,000 ఆర్‌పీఎం దాటనివ్వకండి. పై గేరులో 1,200 దగ్గర ఈడ్చుకుంటూ పోవడమూ తప్పే. ఫ్లైఓవర్ ఎక్కుతున్నప్పుడు గేరు తగ్గించండి, పెడల్ అదమకండి. ఇంజిన్ చల్లగా ఉందని చెప్పే నీలం లైటు ఆరినా, ముల్లు మధ్యకొచ్చినా వేడెక్కింది కూలెంటే. ఆయిల్ దానికంటే వెనకబడి ఉంటుంది, ఇంకో ఐదు నిమిషాలు ఓపిక పట్టాలి. లోపల హీటర్ కూడా ముల్లు కదిలాకే వేసుకోండి, ముందే వేస్తే ఇంజిన్‌కు అందాల్సిన వేడిని అది లాగేస్తుంది.

ఆయిల్ మాన్యువల్‌లో రాసిందే పోయండి. 5డబ్ల్యూ-30 అని ఉన్నచోట చవగ్గా వస్తోందని చలిలో ఇంకా చిక్కగా ఉండే 15డబ్ల్యూ-40 పోస్తే చలిలో అది పైదాకా చేరడం ఆలస్యమవుతుంది.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 (కాలుష్య ప్రమాణం) బండి అయితే డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్, సంగతీ చూడాలి. అందులో చేరిన మసిని కాల్చడానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. ఐడ్లింగ్‌లోనూ, రోజూ రెండు కిలోమీటర్ల స్కూలు ట్రిప్పుల్లోనూ ఆ వేడి రాదు. కాల్చే ప్రయత్నం సగంలో ఆగిన ప్రతిసారీ అందుకోసం అదనంగా కొట్టిన డీజిల్‌లో కొంత ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మ్యాక్స్ గీత దాటి పెరుగుతుంటే, డీజిల్ వాసన వస్తుంటే సర్వీస్ గడువు కోసం చూడకుండా మార్పించండి. వారానికోసారి ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చోట ఇరవై నిమిషాలు ఆపకుండా నడపడం మంచిది.

ఇవన్నీ పాటించినా పొద్దున తెల్లటి పొగ వచ్చి, అర నిమిషం ఇంజిన్ వణికి తర్వాత సర్దుకుంటే ఒక హీటర్ ప్లగ్గు పోయి ఉండవచ్చు. లోహపు ప్లగ్గు మంచిదైతే మల్టీమీటర్‌లో ఒక ఓమ్ అటూ ఇటూగా చూపిస్తుంది, కాలిపోయింది అసలు చూపదు. విప్పేటప్పుడు ఇంజిన్ గోరువెచ్చగా ఉండాలి, తుప్పు వదిలించే ఆయిల్ ముందే కొట్టి ఉంచాలి. బలవంతంగా తిప్పితే ప్లగ్గు విరిగి ఇంజిన్ పై భాగంలో, అంటే హెడ్‌లో ఉండిపోతుంది, అప్పుడు హెడ్ దించాల్సి రావచ్చు. సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే మాత్రం ముందు బ్యాటరీ చూపించండి. అరగంట నడిపినా ముల్లు మధ్యకు రాకపోతే కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కున్నట్టే. చాలామంది దాన్ని పట్టించుకోరు గానీ మైలేజీ పడిపోతుంది, డీపీఎఫ్ శుభ్రపడటమూ ఆగిపోతుంది.

డీజిల్ గడ్డకట్టే భయం మన రెండు రాష్ట్రాల్లో లేదు. శీతాకాలంలో లేహ్ వైపు సొంత బండి తీసుకెళ్ళేవాళ్ళకే ఆ గొడవ. కింద ఊళ్ళలో నింపిన డీజిల్‌లో అక్కడి చలికి మైనం విడిపోయి ముందుగా ఫిల్టర్‌ను మూసేస్తుంది, ఎంత సెల్ఫ్ కొట్టినా లాభం ఉండదు. ఇండియన్ ఆయిల్ 2019లో లద్దాఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల వరకూ పారే చలికాలపు డీజిల్ తెచ్చింది. పాత డీజిల్ వీలైనంత ఖాళీ చేసుకుని, అక్కడి బంకులో దాన్ని పోయించుకున్నాకే బండిని రాత్రికి బయట నిలపండి.