పాప దగ్గుకు మందు ఇన్‌హేలర్‌లో ఉంది, కుండీల్లో కాదు

ప్రశ్న: మాది హన్మకొండ. మా పాపకు తొమ్మిదేళ్లు. దీపావళి తర్వాత మొదలైన పొడి దగ్గు తగ్గట్లేదు. తెల్లవారుజామున లేచి కూర్చుని దగ్గుతుంది, పిల్లికూతలు వినిపిస్తాయి. నాలుగు సిరప్‌లు మార్చాం. పక్క ఖాళీ ప్లాటులో రోజూ పొద్దున్నే ఆకులు, ప్లాస్టిక్ కలిపి కాలుస్తున్నారు. డాక్టర్ ఇన్‌హేలర్ రాస్తే, అలవాటవుతుందని మా అమ్మ వద్దంటోంది. గాలి బాగుపడుతుందని పడకగదిలో పన్నెండు కుండీలు పెట్టాం. పరకాల దగ్గర మా ఊరికి పంపేద్దామా?

జవాబు: తెల్లవారుజామున దగ్గు, దానికి తోడు పిల్లికూతలు ఉంటే ముందు ఆస్తమానే అనుమానిస్తాం. తొమ్మిదేళ్ల పిల్ల గట్టిగా ఊదగలదు కాబట్టి ఊపిరితిత్తుల పనితీరు తెలిపే ఊదుడు పరీక్ష, పీఎఫ్‌టీ చేయించండి. ఐదో సిరప్ మాత్రం కొనకండి.

ఇన్‌హేలర్‌కు అలవాటు పడటమంటూ ఉండదు. సిరప్‌లో మందు మిల్లీగ్రాముల్లో ఉంటుంది, ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరుతుంది. ఇన్‌హేలర్‌లో మైక్రోగ్రాములే, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతుల లెక్క, అదీ నేరుగా వెళ్తుంది. అమ్మగారికి ఈ లెక్క చెప్పి చూడండి. నా దగ్గరికొచ్చే నానమ్మలు చాలామంది దీనికే ఒప్పుకున్నారు. స్పేసర్‌తో, అంటే ఇన్‌హేలర్‌కు తగిలించే ప్లాస్టిక్ గొట్టంతో వాడండి. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ అయితే పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. దగ్గు తగ్గింది కదా అని మీ అంతట మీరు ఆపేయొద్దు.

ఇక ఆ ప్లాటు సంగతి. చలికాలం పొద్దున నేల దగ్గరి గాలి చల్లగా ఉంటుంది, దాని మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పొగ పైకి పోక గల్లీలోనే తిరుగుతుంది. అందులోని సన్న రేణువులు 2.5 మైక్రాన్లలోపు ఉంటాయి. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ముక్కు వాటిని ఆపలేదు. 24 గంటల సగటున క్యూబిక్ మీటరు గాలిలో ఇవి 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 15 చాలంది. అయితే ఊరి సగటు ఎంత బాగున్నా మీ కిటికీ పక్క మంటను అది లెక్కపెట్టదు.

బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో అయితే 25,000 జరిమానా వేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. ఫొటో తీసి కార్పొరేషన్‌కు ఫిర్యాదు చేయండి. కాల్చేది ఊడ్చేవాళ్లే అయితే వాళ్లమీద అరవకండి, ఆ పొగ అందరికన్నా ముందు మింగేది వాళ్లే. ప్లాటు మూలన గుంత తీయిస్తే ఆకులు ఎరువవుతాయి. ప్లాస్టిక్ చెత్తబండికే వెళ్లాలి.

కుండీలు కంటికి బాగుంటాయి, అంతే. మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయన్న మాట 1989 నాటి నాసా ప్రయోగంతో పాకింది. అది గాలి చొరబడని పెట్టెల్లో చేసింది. కిటికీలు తెరిచే మన ఇళ్లలో పన్నెండు కాదు, వంద పెట్టినా తేడా తెలియదు. పైగా తడిమట్టికి బూజు పడితే పాప దగ్గు పెరగొచ్చు. వాటిని బయట పెట్టేసి, ప్రహరీ పక్కన వేపో కానుగో నాటండి. వీధి దుమ్మును కొంతైనా ఆకులు పట్టుకుంటాయి. దోమలకు కాయిల్, సాయంత్రం వేపాకు పొగ మీ ఇంట్లో ఉన్నాయేమో మీరు రాయలేదు. ఉంటే ఈరోజే మానేసి దోమతెర కట్టండి.

ఊరికి పంపినా వరికోతలయ్యాక కొయ్యకాళ్లు తగలబెడితే అక్కడా పొగే. సెలవులకు పంపండి, బడి మాన్పించొద్దు.

మాట పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చినా, ఊపిరి తీస్తుంటే పక్కటెముకల మధ్య లోపలికి గుంజుకుపోతున్నా, పెదాలు నీలంగా మారినా వెంటనే 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేలోగా డాక్టర్ రాసిన రిలీవర్ ఇన్‌హేలర్‌ను (ఆయాసాన్ని వెంటనే తగ్గించేది) స్పేసర్‌తో ఇస్తూ ఉండండి.